ఆ ఫోను మోత ఎటు పోయింది? ఒకే సినిమా, ఐదు కాపీలు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

సినిమా పేరు చెప్పను. చెబితే సినిమా మంచిదా కాదా అన్న వాదన దగ్గరే ఆగిపోతాం. 1970ల నాటి క్రైమ్ థ్రిల్లర్, 35 ఎంఎం, మోనో సౌండు (అంతా ఒకే ఛానల్లో), 108 నిమిషాలు. చిన్నప్పుడు వీహెచ్‌ఎస్ టేపు మీద ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఈమధ్య బ్లూరే దొరికింది. బొమ్మ కడిగిన అద్దంలా ఉంది. కానీ నలభయ్యో నిమిషం దగ్గర ఒక సీను ఉంది. హీరోయిన్ చీకటి గదిలో ఒక్కతే కూర్చుని ఉంటుంది, ఫోను మోగుతుంది. నా చెవిలో మిగిలిన మోత వేరు, బ్లూరేలో వినిపించింది వేరు.

నాకు గుర్తున్నది పొడి మోత. పీలగా, రేకు డబ్బా మీద పుల్లతో గబగబా కొట్టినట్టు ఉంటుంది. మూడోసారి సగంలో తెగుతుంది, ఆమె రిసీవర్ ఎత్తుతుంది. తర్వాత రెండు సెకన్ల పాటు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే భయం. బ్లూరేలో గంట గుండ్రంగా, నిండుగా మోగింది. రిసీవర్ ఎత్తాక కూడా దాని ప్రతిధ్వని ఆమె మాట కింద సాగుతూనే ఉంది. పైగా వెనకెక్కడో గోడగడియారం టిక్ టిక్ అంటోంది. ఆ గదిలో గడియారం ఉన్నట్టే నాకు గుర్తు లేదు.

సరే, ఇది 5.1 రీమిక్స్ కదా, సౌండుని ఆరు ఛానళ్లకు పంచి కొత్తగా కలిపింది కదా అనుకుని మెనూలోకి వెళ్లి "ఒరిజినల్ మోనో" అని ఉన్న ట్రాక్ పెట్టాను. అదే గంట, అదే గడియారం.

తప్పు నా గుర్తుదే కావచ్చు. చిన్నప్పటి జ్ఞాపకం మీద ఒట్టు పెట్టలేను. అందుకే దొరికిన కాపీలన్నీ పోగేసి పక్కపక్కన పెట్టి తేల్చుకుందామని ఈ పని మొదలుపెట్టాను.

3వ రోజు

చేతికొచ్చినవి ఐదు. వీహెచ్‌ఎస్ టేపు, పాల్ పద్ధతిది, హై-ఫై సౌండు. లేజర్‌డిస్క్ (డీవీడీకి ముందు వచ్చిన పెద్ద వీడియో డిస్కు), ఎన్‌టీఎస్‌సీ. పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ పాత టీవీ పద్ధతులు. తొలి డీవీడీ, అదీ ఎన్‌టీఎస్‌సీనే, మోనో ఒక్కటే. రెండో డీవీడీ పాల్, అట్ట మీద 5.1 అని పెద్దక్షరాలు. చివరిది బ్లూరే.

పాల్ డీవీడీని తెచ్చింది ఆ 5.1 రీమిక్స్ ఎప్పటి నుంచి ఉందో చూడ్డానికి మాత్రమే. మిగతా దేనికీ పనికిరాదని ముందే తీర్మానించేసుకున్నాను. పాల్ అంటే సెకనుకు 25 ఫ్రేములు, సినిమా తీసింది 24లో. ఆ ఒక్క ఫ్రేము తేడాతో సినిమా మొత్తం 4 శాతం పైచిలుకు పరుగెడుతుంది. 108 నిమిషాలది 103 నిమిషాల 41 సెకన్లకే అయిపోతుంది. శ్రుతి కూడా పైకి పోతుంది, అర్ధస్వరంలో ముప్పాతిక కంటే కొద్దిగా తక్కువ. సంగీతం తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. మిగతావాళ్లకు విలన్ గొంతు కొంచెం కుర్రవాడి గొంతులా ఉంటుంది, అంతే.

ఇది రాస్తుంటే తట్టింది. నా వీహెచ్‌ఎస్ టేపు కూడా పాలే. అంటే నేను ప్రాణంలా గుర్తుపెట్టుకున్న ఆ ఫోను మోత అసలు కంటే పై శ్రుతిలో ఉన్నది. మొదటి దెబ్బ నా జ్ఞాపకానికే పడింది.

6వ రోజు

క్యాప్చర్ పనులు. లేజర్‌డిస్క్ ప్లేయరు ఒక స్నేహితుడిది. లేజర్‌డిస్క్ అనగానే చాలామంది అనలాగ్ అనుకుంటారు. బొమ్మ వరకు అనలాగే, సౌండు రెండు రకాలుగా ఉంటుంది. పాత అనలాగ్ ట్రాకులు రెండు, వాటితో పాటు సీడీలో ఉన్నట్టే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల డిజిటల్ ట్రాక్. ప్లేయరు వెనక డిజిటల్ అవుట్ ఉంటే, డిస్కు మీద ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లోకి దించుకోవచ్చు. అలాగే దించాను. ఒక పక్కకు గంటే పడుతుంది కాబట్టి సినిమా మధ్యలో డిస్కు తిప్పాలి, ఆ అతుకు దగ్గర జాగ్రత్తగా కలపాలి.

మొదటి పరీక్ష: ఎడమ ఛానల్లోంచి కుడి ఛానల్‌ని తీసెయ్యడం. నిజమైన మోనో అయితే రెండూ ఒకటే కాబట్టి మిగిలేది సున్నా. లేజర్‌డిస్క్ డిజిటల్ ట్రాక్‌లో సున్నాయే వచ్చింది. వీహెచ్‌ఎస్‌లో చిన్న బుసబుస మిగిలింది, టేపు కాబట్టి అది మామూలే. ఎవరూ దొంగ స్టీరియో చెయ్యలేదన్నమాట.

8వ రోజు

రెండు రోజుల పని గంగలో కలిసింది. తప్పు నాదే.

తొలి డీవీడీ తరంగం చూస్తే తుపాకీ పేలిన చోట కూడా మాటల కంటే పెద్దగా లేదు. "చూశారా, డీవీడీవాళ్లు సౌండుని ఎలా అణిచేశారో" అని రెండు పేజీలు రాసుకున్నాను. తర్వాత తెలిసింది, డిస్కులో ఏ తప్పూ లేదు. డాల్బీ డిజిటల్ (డీవీడీలో సౌండుని కుదించి పెట్టే పద్ధతి) ట్రాక్‌లో రాత్రిపూట చిన్న వాల్యూంలో వినేవాళ్ల కోసం పెద్ద చప్పుళ్లను తగ్గించమని, చిన్నవాటిని పెంచమని కొన్ని సూచనలు ఉంటాయి. దాన్ని డీఆర్‌సీ అంటారు. నేను వాడిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాం మనం వద్దని చెప్పకపోతే ఆ సూచనల్ని తనంతట తానే పాటిస్తుంది. డీఆర్‌సీ స్కేలుని సున్నా చేసి మళ్లీ తీస్తే తుపాకీ తుపాకీలా పేలింది. రాసుకున్న రెండు పేజీలూ చించేశాను.

ఇంకో చిక్కు డైలాగ్ నార్మ్. డీవీడీలో మాటల స్థాయి ఎంతో ఒక అంకె రాసి ఉంటుంది. మైనస్ 27 అని ఉంటే ప్లేయరు మొత్తాన్ని 4 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. లేజర్‌డిస్క్ డిజిటల్ ట్రాక్‌కు ఆ తగ్గింపు లేదు. మరి లేజర్‌డిస్క్ "నిండుగా, ప్రాణంతో" వినిపించక ఏం చేస్తుంది! ఒక డెసిబెల్ ఎక్కువున్నా చెవి అదే బాగుందంటుంది. పాత రిలీజులే గొప్పవని వాదించేవాళ్లలో సగం మంది ఈ 4 డెసిబెల్స్‌నే ప్రేమిస్తున్నారని నా అనుమానం. నిన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకణ్ణే.

9వ రోజు

స్థాయిలు సమానం చేశాను. మొత్తం సినిమా సగటు తీసుకుంటే కుదరదు. రీమిక్స్‌లో పేలుళ్లు పెద్దవి కాబట్టి సగటు పెరుగుతుంది, సమానం చెయ్యబోతే దాని మాటలు చిన్నవైపోతాయి. రెండో రీల్లో పోలీస్ స్టేషన్ సీను ఉంది. 40 సెకన్లు మాటలు తప్ప సంగీతం, హడావుడి ఏమీ లేవు. ఐదు కాపీల్లోనూ ఆ 40 సెకన్లనే కొలిచి ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) అంకెకు తెచ్చాను. ఇకమీదట పోలికలన్నీ ఇక్కణ్ణుంచే.

స్థాయి కుదిరాక మళ్లీ వింటే లేజర్‌డిస్క్, తొలి డీవీడీ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. బ్లూరేది వేరే కుటుంబం.

12వ రోజు

ఈ రోజు బాబాయ్ వచ్చాడు. సినిమా హాల్లో ఇరవై ఏళ్లు ఆపరేటర్‌గా చేసిన మనిషి. సోఫాలో కూర్చోబెట్టి లేజర్‌డిస్క్ వేశాను. తెరకు కుడివైపు పైమూల చిన్న చుక్క మెరిసిందో లేదో, "మోటారు" అన్నాడు. ఏడు సెకన్లకు మళ్లీ చుక్క. "మార్చెయ్" అన్నాడు. రీలు అయిపోవడానికి ఎనిమిది సెకన్ల ముందు ఒక గుర్తు, ఒక సెకను ముందు ఇంకో గుర్తు. రెండో ప్రొజెక్టర్‌కు మారమని అవి ఆపరేటర్‌కు ఇచ్చే సైగలు. ఇవి కనబడుతున్నాయంటే లేజర్‌డిస్క్‌ని హాల్లో ఆడే లాంటి ప్రింటు నుంచి తీసినట్టే. బ్లూరేలో ఈ చుక్కలు లేవు.

అసలు సంగతి మూడో రీల్లో బయటపడింది. ఒక చోట బొమ్మ టక్కున ఎగిరింది, నడుస్తున్న మనిషి ఒక అంగ ముందుకు పడ్డాడు. వెంటనే బాబాయ్ చెయ్యెత్తి "ఆగు, ఇప్పుడు మాట ఎగురుతుంది చూడు" అన్నాడు. నిజంగానే ఒక క్షణం తర్వాత పక్కనున్న పాత్ర మాటలో ముక్క పోయింది.

"ఎలా తెలిసింది బాబాయ్?"

"అతుకు పడ్డ ప్రింటురా అది. బొమ్మ చూపించే గేటు పైన ఉంటుంది, సౌండు చదివే దీపం కింద ఉంటుంది. అతుకు గేటు దాటి కిందికి దిగేసరికి ఆ మాత్రం టైం పడుతుంది. ఎన్ని అతుకులు వేశానో నీకేం తెలుసు."

కంప్యూటర్లో కొలిచి చూశాను. బొమ్మ ఎగరడానికీ మాట ఎగరడానికీ మధ్య 20 ఫ్రేములు, అంటే 0.83 సెకను. 35 ఎంఎం ప్రింటులో ఆప్టికల్ సౌండుని, అంటే ఫిల్ము అంచున గీతగా ఉండి దీపం వెలుగుతో చదివే సౌండుని, దాని బొమ్మ కంటే ఇంచుమించు ఇరవై ఫ్రేములు ముందుగా ముద్రిస్తారు. బాబాయ్ చేతికి తెలిసిన లెక్క, స్కేలు పెట్టి గీసినట్టు సరిపోయింది. బొమ్మనూ సౌండునూ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కలిపి ఉంటే ఈ 20 ఫ్రేముల తేడా రాదు. కాబట్టి లేజర్‌డిస్క్ సౌండు కూడా ఆ అతుకు పడ్డ ప్రింటు అంచున ఉన్న ఆప్టికల్ ట్రాకే.

నేను మాస్టర్ అనుకుని నెత్తిన పెట్టుకున్నది హాళ్లలో అరిగిన ప్రింటు. కొంచెం నీరసం వచ్చింది.

13వ రోజు

నిశ్శబ్దంగా ఉన్న సీన్లను స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తున్నాను. తెలియనివాళ్లకు: సమయం అడ్డంగా, ధ్వని ఎత్తు నిలువుగా, చప్పుడు ఎంత ఉందో వెలుగులో చూపించే పటం ఇది. చెవి దాటేసినవి కన్ను పట్టుకుంటుంది.

లేజర్‌డిస్క్‌లో 96 హెర్ట్జ్ దగ్గర సన్నటి గీత. ఫిల్ముకి ఒక్కో ఫ్రేము పక్కన నాలుగు చిల్లులు, సెకనుకు 24 ఫ్రేములు. నాలుగు ఇరవైనాలుగులు తొంభైఆరు. ప్రొజెక్టర్ పళ్లు చిల్లుల్లో పడుతూ లేస్తూ ఉన్న చప్పుడు సౌండులో ఇలా మిగిలిపోయింది. నాకు ఈ మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ నచ్చిన గీత ఇదే.

వీహెచ్‌ఎస్‌లో గీత 100 హెర్ట్జ్ దగ్గర ఉంది. ముందు ఇంట్లో కరెంటు గుయ్‌మనడమే అనుకున్నాను. కరెంటు 50 కాబట్టి దాని రెట్టింపు 100 కూడా తరచూ కనబడుతుంది. వైర్లన్నీ మార్చాను, అడాప్టర్లు పీకాను, పోలేదు. తర్వాత చూస్తే సినిమా మొదలవ్వక ముందు, టేపు ఖాళీగా తిరిగే చోట ఆ గీత లేనేలేదు. సరిగ్గా మొదటి ఫ్రేముతో పాటు పుడుతోంది. 96 చిల్లులే, పాల్ వేగానికి 100 అయ్యాయి! వైర్లు మార్చిన పూట వృథా అయినందుకు బాధ లేదు.

15వ రోజు

లేజర్‌డిస్క్‌లో పైన, 15.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో గీత ఉంది. సూదితో గీసినట్టు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఎన్‌టీఎస్‌సీ పాత టీవీ తెర మీద గీతలు గీసే వేగం సెకనుకు 15,734. ఆ కాలం వీడియో పరికరాల పక్కన సౌండు రికార్డు చేస్తే ఈ కీచు అందులోకి దూరేది. పాల్ పరికరాలకు ఇది 15,625 దగ్గర ఉంటుంది. కుర్ర చెవులకు వినిపిస్తుంది. నాకు కంటికే కనబడింది.

తొలి డీవీడీ స్పెక్ట్రోగ్రామ్ తెరిస్తే అదే గీత. మూడో రీల్లో అదే అతుకు, అదే పోయిన మాట ముక్క. వేళ్లముద్రలు దొరికినట్టే. డీవీడీ కోసం ఎవరూ ఫిల్ము దగ్గరికి వెళ్లలేదు, లేజర్‌డిస్క్‌కు చేసిన వీడియో మాస్టర్‌నే మళ్లీ వాడారు. రెండింటినీ సరిగ్గా జోడించి, ఒకదాన్ని తిరగేసి కలిపాను. రెండూ ఒకటే అయితే పరస్పరం కొట్టేసుకుని ఏమీ మిగలకూడదు. మాటల కంటే 30 డెసిబెల్స్ కింద ఇసుక రాలుతున్నట్టు చప్పుడు మిగిలింది, డాల్బీ డిజిటల్ కుదింపు వల్ల పోయిన భాగం అది.

ఐదు కాపీలు అనుకున్నవి ఇక నాలుగే.

19వ రోజు

ఇక "ఒరిజినల్ మోనో" వంతు.

నా అనుమానం ఇది. ఇది పాత మోనో కాదు, బ్లూరేలోని 5.1నే ఒక్క ఛానల్లోకి పిండి ఆ పేరు పెట్టారు. అలా చేసి ఉంటే నేను కూడా అదే 5.1ని పిండి, వాళ్ల మోనోలోంచి తీసేస్తే ఏమీ మిగలకూడదు.

మొదటి ప్రయత్నంలో ఛానళ్లన్నీ సమంగా కలిపేశాను. మిగిలినది 12 డెసిబెల్సే తగ్గింది. అంటే తేడా చాలా ఉంది. అనుమానం తప్పేమో అనుకుని ఒక రోజంతా వదిలేశాను. తర్వాత వెలిగింది, పిండేటప్పుడు ఛానళ్లను సమంగా కలపరు. 5.1ని రెండు ఛానళ్లకు తెచ్చే మామూలు పద్ధతిలో సెంటర్‌ని 0.707తో గుణించి రెండు పక్కలా కలుపుతారు, సరౌండ్లను కూడా 0.707తో. బాస్ దడదడల కోసం ఉండే ఎల్‌ఎఫ్‌ఈని వదిలేస్తారు. ఆ రెండింటినీ మళ్లీ కలిపితే మోనో. ఆ లెక్కన చూస్తే ఎడమ, కుడి ఉన్నవి ఉన్నట్టు, సెంటర్ 1.414 వంతు, సరౌండ్లు 0.707 వంతు.

ఆ అంకెలు పెట్టి మళ్లీ తీసేశాను. హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు. ప్లే అవ్వట్లేదేమో అని రెండుసార్లు చూసుకున్నాను. మీటరు 60 డెసిబెల్స్ కింద కొట్టుకుంటోంది. ఫోను లేదు, గడియారం లేదు, తుపాకీ లేదు. అంతా కొట్టేసుకుపోయింది.

ఇది ఒరిజినల్ మోనో కాదు. రీమిక్స్‌ని నలిపి మోనో చేసి, పాత పేరు తగిలించారు. 5.1 చెయ్యడం తప్పని నేను అనను, పెద్ద హోం థియేటర్ ఉన్నవాళ్లకు అది కావాలి. కానీ లేనిదాన్ని ఉందని మెనూలో రాయడం వేరు.

21వ రోజు

మరి గంట ఎందుకు మార్చారు? మిక్స్ చేసేటప్పుడు మాటలు, సంగీతం, ఎఫెక్ట్స్ వేరువేరు ట్రాకులుగా ఉంటాయి. మూడూ కలిపి మోనో చేశాక ఆ విడి ట్రాకులు అందరూ దాచరు. వేరే భాషల్లోకి డబ్బింగ్ కోసం మాటలు లేని సంగీతం-ఎఫెక్ట్స్ ట్రాక్ ఒకటి చేస్తారు, అది మిగిలితే అదృష్టం. అదీ లేకపోతే కలిసిపోయిన మోనోలోంచి ఫోను మోతను పీకి కుడి పక్క స్పీకర్లో పెట్టడం ఆ రీమిక్స్ చేసిన రోజుల్లో అయ్యే పని కాదు. కొత్త గంట రికార్డు చేసి పాతదాని మీద కప్పెయ్యాలి. హిచ్‌కాక్ 1958 నాటి "వెర్టిగో"ని 1996లో పునరుద్ధరించినప్పుడు కూడా ఎఫెక్ట్స్ కొత్తగా చేశారు, దాని మీద చాలా వాదనలు జరిగాయి. కాబట్టి మా సినిమాకు మాత్రమే అన్యాయం జరిగిందని గుండెలు బాదుకోనక్కర్లేదు.

గడియారం సంగతి మాత్రం నన్ను నవ్వించింది. బ్లూరేలో ఆ సీనుని ఆపి ఎడమ అంచున చూస్తే గోడ మీద నిజంగానే గడియారం ఉంది! నా వీహెచ్‌ఎస్ టేపు పాత టీవీ కొలతకు సరిపెట్టడానికి రెండు పక్కలా కోసేసినది, ఆ కోతలో గడియారం పోయింది. రీమిక్స్ చేసినాయన శుభ్రమైన బొమ్మలో గడియారం చూసి టిక్ టిక్ పెట్టాడు. ఆయన స్థానంలో నేనున్నా పెట్టేవాణ్ణేమో. కాకపోతే ఆయన ఒకటి చూడలేదు. సీను మొదట్లోనూ చివర్లోనూ ముళ్లు ఒకే చోట ఉన్నాయి, నాలుగూ ఇరవై. ఆ గడియారం నడవట్లేదు.

24వ రోజు

ఎక్కడున్నానంటే, అసలు మోనో నా దగ్గర ఉన్నది లేజర్‌డిస్క్‌లోనూ వీహెచ్‌ఎస్‌లోనూ. లేజర్‌డిస్క్‌కు అతుకులు, గరగర. 8 కిలోహెర్ట్జ్ దాటాక ఇంచుమించు ఏమీ లేదు. పాత ఆప్టికల్ ట్రాకుల గరగర వినబడకుండా పైభాగం తగ్గించి ఆడించే పద్ధతి, అకాడమీ కర్వ్ అంటారు, మోనో రోజుల్లో మామూలే. వీహెచ్‌ఎస్‌ది ఇంకో ప్రింటు, మూడో రీల్లో మాట పోలేదు కానీ టేపు బుస ఎక్కువ. రెండూ కలిపి అతుకులేద్దామని కూర్చున్నాను. విసుగు పుట్టి నాలుగు రోజులు ముట్టుకోలేదు.

28వ రోజు

పాల్ డీవీడీని బీరువాలో పెట్టేద్దామని తీసి, అలవాటుగా ఒకసారి డ్రైవ్‌లో పెట్టాను. 5.1 కాకుండా ఇంకో ఆడియో ట్రాక్ ఉంది. మెనూలో దాని పేరు లేదు, అట్ట మీద లేదు. రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కితేనే వస్తుంది. రెండు ఛానళ్లు, 192 కేబీపీఎస్. వాళ్లకు గుర్తులేక వదిలేశారో ఏమో.

ఫోను సీనుకి వెళ్లాను.

పొడి మోత. పీల మోత. మూడోది సగంలో తెగింది. రెండు సెకన్లు ఏమీ లేదు.

గట్టిగా అరిచాను కూడా. పక్క గదిలోంచి ఏమైందని అడిగారు. ఏమీ లేదు, ఫోను మోగింది అన్నాను.

29వ రోజు

నిన్నటి సంతోషం పక్కన పెట్టి పరీక్షలు. ఎడమ మైనస్ కుడి: డాల్బీ కుదింపు మిగిల్చే చిల్లర తప్ప సున్నా, మోనోయే. 100 హెర్ట్జ్ దగ్గర చిల్లుల గీత లేదు. 15.7 దగ్గరగానీ 15.6 దగ్గరగానీ కీచు లేదు. మూడో రీల్లో మాట పూర్తిగా ఉంది. సంగీతంలో తాళాల చప్పుడు 12 కిలోహెర్ట్జ్ దాకా పోతోంది, ఆ రోజుల మోనో ప్రింటు అంచున ఉన్న ఆప్టికల్ ట్రాక్‌లో ఇది మామూలుగా ఉండదు. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇది ప్రింటు నుంచి కాదు, మిక్స్ చేసినప్పటి మ్యాగ్నెటిక్ టేపు నుంచి గానీ దాని నకలు నుంచి గానీ వచ్చింది. ఐదింటిలో అన్నిటికంటే మంచి సౌండు, నేను దేనికీ పనికిరాదని మూలన పెట్టిన డిస్కులో, పేరు లేని ట్రాక్‌లో!

వేగం ఒక్కటే తప్పు. అది లెక్కతో పోయేదే. బ్లూరే సరిగ్గా 24 కాదు, 23.976. కాబట్టి 25 నుంచి 23.976కి తగ్గించాలి. 24కే తగ్గిస్తే చివరికొచ్చేసరికి ఆరున్నర సెకన్ల తేడా వస్తుంది, పెదాలు ఒకటి, మాట ఒకటి. శ్రుతిని విడిగా సరిచెయ్యకూడదు, టేపుని నెమ్మదిగా తిప్పినట్టు రెండూ కలిసి దిగాలి. కొన్ని పాల్ డిస్కుల్లో వేగం పెంచినా శ్రుతిని మాత్రం కంప్యూటర్‌తో కిందకు దించి ఉంచుతారు, అలాంటివాటిని ఇలా తగ్గిస్తే గొంతులు రాక్షసుల్లా వస్తాయి. ఇందులో ఆ పని చెయ్యలేదు. లేజర్‌డిస్క్‌లోని టైటిల్ సంగీతంతో పోలిస్తే శ్రుతి అచ్చంగా కలిసింది.

33వ రోజు

అంతా బాగుంటే డైరీ ఎందుకు. ఐదో రీల్లో వాన సీను ఉంది. హత్య జరిగిన ఇంటి బయట హీరో వానలో నిలబడి ఉంటాడు. పాల్ ట్రాక్‌లో వాన నీళ్లలో మునిగి బుడబుడలాడుతోంది. డిస్కు చేసినవాళ్లు టేపు బుస తీసే యంత్రం వాడినట్టున్నారు. దానికి వానకూ బుసకూ తేడా తెలియదు, రెండూ ఒకేలా ఉంటాయి. సగం వానని బుస అనుకుని తినేసింది. హీరో అడుగుల చప్పుడు కూడా పోయింది.

మిగతా రీళ్లలో ఇంత ముదరలేదు. ఈ 50 సెకన్లకు లేజర్‌డిస్క్ వానే పెట్టాలి. గరగర ఉన్నా అది వాన.

35వ రోజు

అతుకు దగ్గర ఇబ్బంది. పాల్ ట్రాక్ నుంచి లేజర్‌డిస్క్‌లోకి వెళ్లగానే ఎవరో చెవికి దుప్పటి కప్పినట్టు ఉంది. పైభాగం పెంచితే గరగర పెరుగుతుంది. చివరికి సినిమాయే దారి చూపించింది. సీను మొదట్లో ఉరుము ఉంది, చివర్లో కారు తలుపు ధబ్‌మంటుంది. మొదటి అతుకుని ఉరుము కడుపులో, రెండోదాన్ని తలుపు చప్పుడు కింద పెట్టాను. చెవి పెద్ద చప్పుడు తర్వాత కాసేపు మొద్దుబారుతుంది, ఆ సందులో మారిపోతే పట్టుకోలేదు. నలుగురికి వినిపించాను, ఎక్కడో చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఇప్పుడు ఆ రెండు చోట్లా తప్ప ఇంకేమీ వినిపించట్లేదు.

రీళ్లను విడివిడిగా జోడిస్తున్నాను. రీలు మారినప్పుడల్లా ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ పోతున్నాయి, మొత్తం సినిమాని ఒకేసారి లాగితే కుదరదు. ఒక్కో రీలుకి తలుపు వేసే చోటో, చప్పట్లో, తుపాకీయో చూసి కొక్కెం వేసి, రీలు చివర మళ్లీ సరిచూడాలి. మామూలు చాకిరీ. రాయడానికేమీ లేదు.

40వ రోజు

బాబాయ్ మళ్లీ వచ్చాడు. బ్లూరే బొమ్మకు ఈ సౌండు కట్టి వేశాను. చుక్కలు లేవు, అతుకులు లేవు. ఫోను మోగింది, తెగింది. ఆ రెండు సెకన్లూ బాబాయ్ కదల్లేదు.

ఇంకాసేపటికి అడిగాడు, "మూడో రీలు మొదలైందా?"

"అయిపోయింది కూడా బాబాయ్. ఇది నాలుగు."

"నాకు తెలీలేదేంట్రా" అన్నాడు, కొంచెం చిరాగ్గా.

ఆరో రీలు చివర 9 మిల్లీసెకన్ల తేడా ఇంకా ఉంది. రేపు చూడాలి.